గ్రాసమా? భాగమా?

నంద్యాలనుండి కడపవైపు పోవు రహదారిపై నలభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించినచో ఆళ్లగడ్డ వచ్చును. ఊరిలో అడుగు పెట్టక మునుపే ఉలి చప్పుడు మనలను పలకరించును. ఒక శిల్పశాలలో ఆంజనేయుడు సగము రాతిలోనుండి బయటికి వచ్చి నిలిచియుండును. ఆ పక్కనే ఎవరో నాయకుడు చేయి ఎత్తి నిలుచుండును. ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరములో, నల్లమల కొండలలో, అహోబిల నరసింహస్వామి వెలసియున్నాడు. రాతినుండి దేవుడు వెలువడుట ఆ ప్రాంతమువారికి పురాణకథ మాత్రమే కాదు, నిత్యవృత్తి కూడ.

ఆ మధ్య మేము ఒక కార్యక్రమమునకై ఆ ఉలి చప్పుడును రికార్డు చేసుకొనుటకు పోయినప్పుడు, ఒక పెద్ద రాయి ఎవరును ముట్టకుండ ఓరగా పడియుండుట చూచినాము. ఇంత మంచి రాయిని ఎందుకు విడిచిపెట్టినారని అడిగినాము. శిల్పి సుత్తితో దానిని రెండుమార్లు తట్టి, "విన్నారు కదా సార్, పలకల్యా. లోపల నెర్రె ఉండాది. దేవునికి పనికిరాదు, మెట్టుకు పనికొస్తాది" అన్నాడు. ఆ మాట తిరుగుదారి పొడుగునా మమ్ములను విడువలేదు. ఈ ప్రసంగమునకు అదియే బీజము.

శిల్పశాస్త్రములు రాళ్లను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించినవి. సుత్తి తగిలినప్పుడు గంటవలె మ్రోగునది మొదటిది. ఏ నాదమును లేనిది మూడవది. అది మూలవిరాట్టునకు పనికిరాదు. చెక్కి నిలిపిన విగ్రహము తరువాత భిన్నమైనను పూజకు తగదు. ఈ నియమములో తప్పు పట్టవలసినది లేదు. ఏలయన, విగ్రహమునకు రూపము రాతికంటె ముందున్నది. ధ్యానశ్లోకములో దాని భంగిమ ఉన్నది, తాళమానములో దాని కొలత ఉన్నది, శిల్పి మనస్సులో దాని ముఖము ఉన్నది. రాయి ఆ రూపమును అందుకొన్నచో విగ్రహము, అందుకొననిచో మెట్టు.

మనిషి విషయములోను ఇదే కొలబద్దను వాడినచో ఏమగును? 'వికలుడు' అను మాటలోనే ఆ కొలబద్ద దాగియున్నది. వికలుడు అనగా కళ ఒకటి తక్కువైనవాడు. దేనితో పోల్చి తక్కువ? ఎవని మనస్సులో ముందుగా ఉన్న రూపముతో పోల్చి? ఈ ప్రశ్న వేదాంతులకే పరిమితమైనది కాదు. ఆస్తి పంపకములోను, కరువుకాలపు గంజి కేంద్రము వద్దను, పింఛను కాగితము మీదను ఈ ప్రశ్న మన ప్రాంతమున నిలిచియున్నది. దాని చరిత్రను కొంత తడవి చూతము.

1945 అక్టోబరు 29వ తేదీన పారిస్ నగరములో జాఁ పాల్ సార్త్ర్ ఒక ఉపన్యాసమిచ్చినాడు. యుద్ధము ముగిసి కొద్ది నెలలే అయినది. అస్తిత్వవాదము మానవతావాదమే అని సమర్థించుటకు ఆయన ఆనాడు ఒక చిన్న ఉదాహరణ తెచ్చినాడు. కాగితములు కోయు కత్తిని చేయు పనివాడు అది ఎందులకు పనికివచ్చునో ముందే ఎరుగును. అనగా ఆ వస్తువునకు సారము ముందు, ఉనికి తరువాత. మనిషికి అట్లు కాదనియు, అతడు ముందు ఉండును, ఎదుర్కొనును, చేయును, తాను ఏమి అగునో తరువాతనే తేలుననియు ఆయన సిద్ధాంతము. ఆయన ఆళ్లగడ్డను చూచియుండినచో కాగితపు కత్తికి బదులు విగ్రహమును ఉదాహరణగా తీసికొనెడివాడేమో! ఏ ధ్యానశ్లోకమును ముందుగా లేని ప్రాణి మనిషి. అట్టివానియందు 'లోపము' అను మాటకు అర్థము వెదకుట కష్టము. అవయవము లేకపోవచ్చును, చూపు లేకపోవచ్చును. అది ఒక స్థితి. ఆ స్థితినుండియే అతని బ్రతుకు ప్రారంభమగును గాని, మరెవరి బ్రతుకులోనుండియో కొంత తీసివేయగా మిగిలినది కాదు.

మన ధర్మశాస్త్రములు ఈ విషయమును వేరువిధముగా చూచినవి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము అంధులకు, బధిరులకు, మూగవారికి, ఉన్మత్తులకు, ఇంద్రియము లోపించినవారికి పిత్రార్జితములో భాగము లేదన్నది. వెంటనే వచ్చు శ్లోకము, అట్టివారికి భాగము పొందినవారు శక్తికొలది గ్రాసాచ్ఛాదనములు, అనగా కూడు గుడ్డలు, జీవితాంతము ఇచ్చి తీరవలెననియు, ఈయనివాడు పతితుడగుననియు చెప్పినది. విజ్ఞానేశ్వరుని మితాక్షర ఈ మార్గముననే నడచినది. ఆ విజ్ఞానేశ్వరుని ధర్మమును పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. మన రాయలసీమ కుటుంబములు అనేక శతాబ్దులు ఈ న్యాయము క్రిందనే భూములు పంచుకొన్నవి. హస్తినాపురమున ధృతరాష్ట్రుడు పెద్దవాడై యుండియు అంధుడగుటచేత మొదట రాజ్యమునకు దూరమైన కథ మన అందరికిని తెలిసినదే.

ఆ రెండు శ్లోకములను పక్కపక్కన పెట్టి చూచినచో ఒక సూత్రము కనబడును. వికలునికి గ్రాసము కలదు, భాగము లేదు. ఆకలితో చావనీయము, గాని పంక్తిలో సమానముగా కూర్చుండనీయము. ఇందు క్రూరత్వము మాత్రమే ఉన్నదనుట న్యాయము కాదు, దయయు ఉన్నది. అయితే ఆ దయ పొందువాడు ఎన్నడును తన ఇంటికి యజమాని కాలేడు. ఈ నియమమును తొలగించుటకు ఇరవయ్యవ శతాబ్దము వరకు వేచియుండవలసి వచ్చినది. 1928లో వచ్చిన చట్టము రోగము, అంగవైకల్యము అను కారణముచే వారసత్వము పోదన్నది. అయినను పుట్టుకతో మతి లేనివారిని అప్పటికిని మినహాయించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 28వ సెక్షను ఆ మినహాయింపును కూడ తొలగించినది. ఒక శాసనములో ఒక చిన్న సెక్షను! దానిని గూర్చి ఊరేగింపులు జరిగినట్లు మనము వినలేదు. గాని ఎన్ని ఇండ్లలో పుట్టుకతో మతి లేనివారు ఎందరు ఆ సెక్షనువలన తొలిసారి చట్టముదృష్టిలో వారసులైనారో ఆలోచింపవలెను.

ఇక కరువుల సంగతి. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నదానము చేసి కీర్తి గడించినాడు. ఆయన పేరు ఈనాటికిని ఆ సీమలో పాటగా నిలిచియున్నది. దాతయొక్క గ్రాసము చిన్నదని మేము అనుటలేదు. అది ప్రాణము నిలిపినది. పదేండ్లకు 1876లో వచ్చిన ధాత కరువు మరింత ఘోరమైనది. కర్నూలు జిల్లా మదరాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. 1871 లెక్కలకును 1881 లెక్కలకును నడుమ ఆ జిల్లా జనసంఖ్యలో దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయినది. చచ్చినవారెందరో, వలసపోయినవారెందరో!

ఆ కరువులో ప్రభుత్వము ప్రజలను రెండు తెగలుగా విభజించినది. పనిచేయగలవారు రోడ్లకు, కాలువలకు పోయి కూలి తెచ్చుకొనవలెను. పనిచేయలేనివారికి ఉచిత సహాయము. వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ 1877 ఆరంభమున మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించినాడు. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఆ తిండితో మనిషి పనిచేయుట అటుండ, బ్రతుకుటయే కష్టమని గట్టిగా వాదించినాడు. కొలది నెలలకే ఆ కూలిని పెంచవలసి వచ్చినది. 1880లో క్షామ విచారణ సంఘము తన నివేదికలో ఈ విభజననే స్థిరపరచినది. శక్తిగలవానికి పని, అశక్తునికి ఉచితముగా తిండి. ఆ తరువాత వచ్చిన క్షామ నిబంధనలన్నిటికిని ఇదియే పునాది.

ఈ ఏర్పాటులో ఒక విషమ ఘట్టమున్నది. ఎవడు శక్తిగలవాడు, ఎవడు అశక్తుడు అని నిర్ణయించునది ఎవరు? వరుసలో నిలిచిన మనిషిని అధికారి ఒకమారు చూచును. ఆ చూపుతో అతని తెగ తేలిపోవును. సార్త్ర్ 1943లో వ్రాసిన తన మహాగ్రంథములో 'చూపు'ను గూర్చి విపులముగా చర్చించినాడు. ఇతరుని చూపు తగిలిన క్షణమున మనము లోకమును చూచు వ్యక్తిగా ఉండుట మాని, చూడబడు వస్తువుగా మారుదుమని ఆయన అభిప్రాయము. కుంటివానికి ఈ సంగతి తెలియుటకు ఆ గ్రంథము చదువ నక్కరలేదు. అతడు వీధిలో నడచిన ప్రతిదినమును ఆ చూపు అతనిని తాకుచునే ఉండును. 1872 నాటి తొలి జనాభా లెక్కలనుండి 1931 వరకు ప్రభుత్వము అంధులను, బధిరమూకులను, ఉన్మత్తులను, కుష్ఠురోగులను లెక్కించినది. 1941లో ఆ ప్రశ్నను మానివేసినది. 1981లో ఒకమారు అడిగి, 1991లో మరల వదలి, 2001నుండి తిరిగి అడిగినది. లెక్కలో ఉండుట ఒక బాధ, లేకపోవుట మరియొక బాధ!

మన కథలు ఈ విషయమున ఏమి చెప్పినవి? 'అమరశిల్పి జక్కన్న' చిత్రము 1964లో వచ్చినప్పటినుండి తెలుగువారందరికిని ఆ గాథ సుపరిచితము. తాను మలచిన విగ్రహములో దోషమున్నదని ఒక యువశిల్పి చూపగా, రాతిలో కప్ప బయటపడగా, మాట తప్పక జక్కన్న తన చేయి నరికికొన్నాడు. ఆ యువకుడు తన కుమారుడే అని తరువాత తెలిసినది. అంతవరకు కథ మహోన్నతము. కాని దానికి ముగింపు ఏమి? అతడు కైదాళలో కేశవాలయము నిర్మించగా పోయిన చేయి మరల వచ్చినది. కథకునికి మరియొక దారి తోచలేదు. చేయి లేని శిల్పి తన శిష్యులకు చెప్పి చెక్కించినాడనియో, ఎడమచేత ఉలి పట్టినాడనియో కథ సాగనీయలేదు. మన కథలలో వికలునికి రెండే ముగింపులు. దేవుడు బాగుచేయవలెను, లేదా పాపఫలముగా అనుభవింపవలెను. ఆ శరీరముతోనే నిండుగా బ్రతికినవాని కథ అరుదు. అష్టావక్రుడు ఆ అరుదైన వానిలో ఒకడు. జనకుని సభలో తన వంకరలను చూచి నవ్విన పండితులను, చర్మమును చూచి వెలకట్టువారని ఆయన నిలువున కడిగివేసినాడని పెద్దలు చెప్పుదురు. అది మన దేశములో ఆ 'చూపు'కు వచ్చిన తొలి సమాధానములలో ఒకటి అనవచ్చును.

ఆధునిక తెలుగు నవల వేరొక ద్వారము తెరచినది. మా రేడియోలోనే పనిచేసిన ఇద్దరు పెద్దలు అందుకు ముఖ్యులు. 1940 దశకములో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' వ్రాసినారు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వ్రాసినారు. గోపీచంద్ గారి అసమర్థుడు సీతారామారావునకు కాళ్లు చేతులు చక్కగనే ఉన్నవి. క్షామాధికారి చూచినచో అతనిని తప్పక శక్తిగలవాని వరుసలో నిలిపియుండును. అయినను అతడు బ్రతుకు బరువును మోయలేకపోయినాడు. అసామర్థ్యము అవయవములలో లేదని, అది మనిషి తన స్వేచ్ఛతో పడు పెనుగులాటలో ఉన్నదని ఆ నవల మనకు చూపినది. ఇది అస్తిత్వవాదులు అడిగిన ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది.

అయితే ఆ తత్త్వమును కన్ను మూసికొని అంగీకరింప వీలులేదు. అవిటితనమును ఎవడును కోరి తెచ్చుకొనడు గాని, దానిని అవమానముగా మోయవలెనో, గర్వముగా మోయవలెనో, సాకుగా వాడుకొనవలెనో అతడే ఎంచుకొనక తప్పదని సార్త్ర్ వాదించినాడు. మాట ధీరమైనదే. కాని పది మెట్ల పైనున్న కచేరి ముందు చక్రాల కుర్చీలో కూర్చున్నవానితో, నీవు స్వేచ్ఛాపరుడవు అనుట పరిహాసము కాదా? ఆయన మిత్రుడైన మెర్లో పాంటీ 1945లో మరింత దగ్గరగా చూచినాడు. అంధుని చేతికర్ర అతనికి ఒక వస్తువు కాదనియు, అలవాటైన పిమ్మట దాని కొనయే అతని స్పర్శ అగుననియు వివరించినాడు. 1949లో సిమోన్ ద బోవా స్త్రీత్వము పుట్టుకతో సిద్ధముగా వచ్చునది కాదనియు, లోకము దానిని తయారుచేయుననియు నిరూపించినది. ఈ తర్కమునే అంగవైకల్యమునకు అన్వయించినచో, కాలు లేకపోవుట ప్రకృతి, కచేరిలోనికి పోలేకపోవుట మనుష్యకృతము. 1976లో ఇంగ్లండులో వికలాంగులే నడిపిన ఒక సంఘము ఈ భేదమును తన మూలసూత్రముగా ప్రకటించినది. 1952లో ఫ్రాంజ్ ఫానన్ వ్రాసిన గ్రంథములో, యుద్ధములో అవయవము పోగొట్టుకొన్న సైనికుడు ఒక నల్లవానితో, నేను నా మోడుకు అలవాటుపడినట్లు నీవు నీ రంగుకు అలవాటుపడుము అనును. ఫానన్ ఆ సలహాను తిరస్కరించినాడు. అది న్యాయమే. కాని ఆ సైనికుడు మాత్రము ఎందుకు ఊరకుండవలెను అని ఫానన్ అడుగలేదు. ఆ ప్రశ్న తరువాతివారికి మిగిలినది.

సార్త్ర్‌కు బాల్యముననే ఒక కంటి చూపు దాదాపు పోయినది. 1973లో రెండవ కన్ను కూడ చెడినది. చదువుట, వ్రాయుట ఆగిపోయినవి. తన రచనావృత్తి ముగిసినదని ఆయన నిస్సంకోచముగా చెప్పినాడు. ఇతరులు చదువగా వినుచు, సంభాషించుచు 1980లో మరణించువరకు ఆలోచన మానలేదు. స్వేచ్ఛకు చదివిపెట్టు మరియొక గొంతు కావలెనని ఆయన జీవితమే ఆయన సిద్ధాంతమునకు వ్యాఖ్యానము వ్రాసినది.

ఇక మరల నంద్యాలకు వత్తము. 1991 నవంబరులో జరిగిన ఉపఎన్నికలో నంద్యాల నియోజకవర్గము ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారిని అయిదు లక్షల ఎనుబది వేల ఆధిక్యముతో లోక్‌సభకు పంపినది. ఆయన నంద్యాల సభ్యుడుగా, ప్రధానిగా ఉన్న కాలముననే, ఢిల్లీ వీధులలో వికలాంగుల ఆందోళన సాగిన పిమ్మట, 1995 డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల సమానావకాశముల చట్టమును ఆమోదించినది. 1996 ఫిబ్రవరి 7నుండి అది అమలులోనికి వచ్చినది. ప్రభుత్వోద్యోగములలో నూటికి 3 వంతులు కేటాయించినది. చరిత్రలో ఇది ఒక మలుపు. ఏలయన మొదటిసారిగా చట్టము గ్రాసమును దాటి భాగమును గూర్చి మాటాడినది. అయినను మెట్ల పక్కన వాలుదారులు కట్టవలెనన్న చోట, 'ఆర్థిక స్తోమతకు లోబడి' అని ఒక మాట చేర్చినది. భాగము ఇచ్చుచునే, ఇంట్లో ఉన్నప్పుడు చూతమన్నట్లు! 2016 చట్టము వైకల్యముల సంఖ్యను 7నుండి 21కి పెంచినది, ఉద్యోగముల వాటాను 4 శాతము చేసినది.

పాలమూరు సీమకు చెందిన ఎస్. జైపాల్ రెడ్డి గారికి పసితనముననే పోలియో సోకినది. ఊతకర్ర సాయముతోనే ఆయన నాలుగుమార్లు శాసనసభకు, ఐదుమార్లు లోక్‌సభకు ఎన్నికైనారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియను గౌరవము పొందినారు. 1997లో ప్రసారభారతి చట్టము అమలులోనికి వచ్చినప్పుడు సమాచార ప్రసార శాఖ మంత్రి ఆయనయే. మా ఉద్యోగములకు ఒక కొత్త గృహము కట్టినవారిలో ఆయన ఒకరు. 2019లో ఆయన కీర్తిశేషులైనప్పుడు జనులు ఆయన వాదపటిమను తలచుకొన్నారు. ఓటరు ఆయనకు ఇచ్చినది గ్రాసము కాదు, భాగము.

అందరికిని ఆ భాగము దక్కలేదు. 2011 లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వికలాంగులు 22 లక్షలకు పైబడియున్నారు. వారిలో ఎక్కువమందికి ప్రభుత్వమనగా పింఛనే. ఆంధ్రప్రదేశములో అది 2024 జూలైనుండి నెలకు 3 వేలనుండి 6 వేలైనది. మంచమునకే పరిమితమైనవారికి 15 వేలు. ఆ సొమ్ము ఎన్ని పొయ్యిలు వెలిగించుచున్నదో పల్లెలలో తిరిగినవారికి తెలియును. కాని దానికి సదరం ధ్రువపత్రము కావలెను, వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గరాదు. 2025లో ఆ ధ్రువపత్రములను రాష్ట్రమంతట తిరిగి పరీక్షించినప్పుడు, తన కాలు చాలినంత చెడలేదని తేలునేమో అని మనిషి భయపడవలసిన విచిత్రస్థితి వచ్చినది. ధాత కరువునాటి వరుస మరల కనులముందు నిలిచినది. మోసగించువారిని ఏరివేయవలెననుట సబబే. కాని తన బలహీనతను ఎంత ఎక్కువగా నిరూపించుకొన్న అంత మేలు అను ఏర్పాటు, మనిషిని తన స్వేచ్ఛనుండి ఎంత దూరము తీసికొనిపోవునో కూడ చూడవలెను. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో 'దివ్యాంగు'లను మాట సూచించినారు. పేరు మారినది. మెట్టు మారినదా?

మేమును ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారమే. రేడియోలో మనిషి రూపము కనబడదు. ఇతరుని చూపు సోకని వేదిక ఇదియొక్కటియే అని మేము గర్వపడుచుండువారము. చాలా ఏండ్ల క్రిందట, మేము పనిచేసిన ఒకానొక చోట, వికలాంగుల హక్కులను గూర్చి ప్రసంగింప ఒక ఉపాధ్యాయుని ఆహ్వానించినాము. ఆయన మూడుచక్రముల బండిలో వచ్చినారు. స్టూడియో మేడమీద ఉన్నది. నలుగురము కలిసి ఎత్తుకొనిపోవుదుమన్నాము. ఆయన నవ్వి, "నేను మాటాడ వచ్చినాను గాని మూటగా రాలేదండి" అన్నారు. తుదకు యంత్రమును క్రిందికి దింపి, మెట్ల మొదటనే రికార్డు చేసినాము. ప్రసారములో వీధి హారనులు కూడ వినబడినవి. ఎవరును ఫిర్యాదు చేయలేదు. మేము మాత్రము ఆ ధ్వనిని మరువలేదు.

దేవునికి పనికిరాని రాయి మెట్టుకు పనికివచ్చునని ఆళ్లగడ్డ శిల్పి చెప్పినది రాతి విషయమున నిజమే. ఆ మెట్టును ఎచ్చట, ఎవరికి అడ్డముగా పెట్టవలెనో రాయి నిర్ణయింపదు. అది మనము నిర్ణయింతుము. గ్రాసము పెట్టుటకు దయ చాలును. భాగము పెట్టుటకు మాత్రము మనము జరిగి చోటు ఈయవలెను.